తొమ్మిది గంటల అంకె

మా వదినకు 'సుమారు' అనే మాట వింటే ఒళ్ళు మండిపోతుంది. కూరగాయలామె "సుమారు కిలో ఉంటాయమ్మా" అన్నదంటే ఆ పూటకు ఆవిడ గుమ్మంలో బేరం లేనట్టే. మా అన్నయ్య లారీ తోలుతాడు, నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే. దారిలోంచి ఫోన్ చేసి "సుమారు ఆరింటికి వస్తాను" అన్నాడా, "అయితే సుమారుగా వండి పెడతా, సుమారుగా తిని పడుకో" అని పెట్టేస్తుంది. నేను ఆవిడకు ఆడపడుచుని. ఆవిడను ఆడిపోసుకునే హక్కు ఊరు మొత్తంలో నాకొక్కదానికే ఉంది. ఇంకెవరైనా ఒక్క మాట అంటే మాత్రం నాలుక చీరేస్తాను.

నదిలో నీళ్ళు ఎంతున్నాయో చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. అంతే. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మొదట్లో నేనే మూతి తిప్పాను. ఆవిడ ఇంటి వెనక గట్టు దిగితే, కింది నుంచి పైదాకా మెట్లు మెట్లుగా తెల్ల పలకలు పాతి ఉంటాయి. ఒక్కో పలక ఒక మీటరు ఎత్తు; ఆరో పలక అంటే ఆరు మీటర్ల దగ్గర మొదలయ్యేది. దాని మీద నల్ల గీతలు, గీతల పక్కన అంకెలు. నీళ్ళు ఏ గీతను తాకుతున్నాయో చూసి, రిజిస్టరులో రాసి, పట్నంలోని కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయాలి. మామూలు రోజుల్లో పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముసురు పట్టిందంటే గంట గంటకూ. ఈ పని మొదట మా నాన్న చేసేవాడు. ఆయన పోయాక అన్నయ్యకు ఇస్తామన్నారు. "నీళ్ళకేసి చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు" అన్నాడు వాడు. పెళ్ళయి ఏడాది తిరగని వదిన కొంగు నడుముకు చుట్టుకుని, "నేను చూస్తాను" అంది. పంతొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉంది.

నది దగ్గర ఆవిడ ఓపిక చూడాలి! అల లేచినప్పుడు నీళ్ళు గీతకు పైకి పోతాయి, పడినప్పుడు కిందికి వస్తాయి. మూడు అలలు చూసి, మధ్య అంకె పట్టుకోవాలి. జోరువానలో గొడుగు కింద వంగి పలకకేసి గుడ్లప్పగించి చూసే ఆడమనిషిని కొత్తవాళ్ళెవరైనా చూస్తే చేతబడి చేస్తోందనుకుంటారు.

ఇక నా సంగతి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు కళ్ళముందు టపటపా కొట్టుకుంటున్నా సరే, మూడే. ఒకసారి చుట్టాలకు టీలో పంచదార బదులు ఉప్పు వేశాను. వేశానని ఒప్పుకున్నానా? పంచదారే పాడైపోయిందని అరగంట వాదించి, కొట్టువాడి మీదికి పోట్లాటకు వెళ్ళాను. 'తప్పు నాది' అనే మాట నా నోట్లోంచి రావడం మా అమ్మ కూడా వినలేదు, కన్నప్పటినుంచీ.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. కోడలితో ఆవిడకు పడదు. మా ఇల్లు పల్లపు వీధిలో. ముప్పై ఒక్క గడప. పేరులోనే ఉంది కదా, నది ఎనిమిదిన్నర మీటర్లు దాటితే మొదట కాళ్ళు కడుక్కునేది మేమే. రెండేళ్ళ కింద ఒక వానాకాలం వదిన మా వీధిని హడావుడిగా లేపి గుట్ట మీది బడికి తోలింది. వంటింటి సామానుతో సహా ఎక్కాం. నీళ్ళు కింది గట్టు దాకా వచ్చి, మమ్మల్ని చూసి సిగ్గుపడ్డట్టు వెనక్కి పోయాయి. మా వీధి టైలరు మోసుకెళ్ళిన కొత్త బట్టలన్నీ దారిలో వానకు తడిసి రంగు దిగిపోయాయి. ఆ మంటలో వాడు వదినకు 'పులక్క' అని పేరు పెట్టాడు, నాన్నా పులి కథలోని పులి. ఊరంతా ఆ పేరే. ఆఫీసువాళ్ళు కూడా ఆర్డరు రాకుండా జనాన్ని కదిలించవద్దని ఒక కాగితం పంపారు.

అసలు కథకు వస్తాను. ఈ ఏడు పట్టిన ముసురులో మూడో రోజున వదిన గట్టు దిగుతూ జారి కాలు బెణికించుకుంది. మడమ గుమ్మడికాయంత వాచింది. "ఏమ్మా ఆడపడుచూ, రెండు రోజులు నువ్వు దిగి చూసి చెప్పవా?" అని అడిగింది. ఆవిడ నన్ను అడగడమే ఒక వింత. నేను ఎగిరి గంతేసినంత పని చేసి, పైకి మాత్రం "సర్లే, తప్పుతుందా" అన్నాను.

మొదటి సాయంత్రమే పరువు పోయింది. ఆరో పలకను ఏడో పలక అనుకుని, ఆరు డెబ్బైని ఏడు డెబ్బై అని చెప్పాను. వదిన గాభరాగా ఫోన్ అందుకుని, ఆగి, "గంటలో మీటరు పెరిగిందా? నీ కాళ్ళు మోకాళ్ళ దాకా తడవాలి కదే, పాదాలే తడిశాయేం?" అని పట్టేసింది. పట్టేసి ఊరుకుందా? పొట్ట పట్టుకుని నవ్వి, ఎక్కడో చెక్‌పోస్టు దగ్గరున్న అన్నయ్యకు కూడా ఫోన్ చేసి చెప్పి నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకొక్క అంకె తప్పు చెబితే నా పేరు మార్చుకుంటానని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

రాత్రంతా బాగానే సాగింది. గంటకు ఆరు సెంటీమీటర్లు, ఒక్కోసారి ఏడు, బుద్ధిగా పెరుగుతోంది నది. పొద్దున ఎనిమిదింటికి ఏడు అరవై రెండు. ఎనిమిది మీటర్లు తాకగానే మా వీధిని కదిలించమని ఆర్డరు వస్తుంది. మూటలు కట్టుకోమని అమ్మకు అప్పటికే కబురు పంపాను.

తొమ్మిదింటికి దిగాను. వాన కుండపోత. ఏడో పలక దగ్గర వంగి చూస్తే నీళ్ళు ఇరవై ఒకటి దగ్గరున్నాయి. ఏడు ఇరవై ఒకటి! కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఇరవై ఒకటే. ఇంత వాన కురుస్తుంటే నది నలభై సెంటీమీటర్లు దిగడమేమిటి, నా తలకాయ! మళ్ళీ ఏదో తప్పు చూస్తున్నానన్నమాట. ఈ అంకె తీసుకెళ్ళి చెబితే వదిన మళ్ళీ పొట్ట పట్టుకుంటుంది, ఈసారి అన్నయ్యతో పాటు ఊరంతా నవ్వుతుంది. ఎనిమిదింటికి అరవై రెండు కదా, గంటకు ఆరు కదా, కలిపితే అరవై ఎనిమిది. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం కూడిక రాదా? ఇంటికెళ్ళి "ఏడు అరవై ఎనిమిది" అన్నాను. వదిన రాసుకుంది, ఫోన్లో చెప్పేసింది. నాకు ఏ కోశానా తప్పు చేశానని అనిపించలేదు. పైగా వరస చక్కగా కుదిరిందని ముచ్చటేసింది.

పదింటికి దిగితే ఏడో పలక మొత్తం బయటే ఉంది! బురద పూసుకుని, నన్ను వెక్కిరిస్తూ. నీళ్ళు ఆరో పలకలో డెబ్బై నాలుగు దగ్గర. ఇప్పుడు నిజం చెబితే గంటలో మీటరు దిగినట్టవుతుంది, తొమ్మిదింటి అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే ఏం చెప్పాలి? కుడితిలో పడ్డ ఎలుకలా ఆ గట్టు మీదే అటూ ఇటూ తిరిగాను. చివరికి ఏదీ తేల్చుకోకుండానే ఇంట్లోకి వచ్చి, అంకె అడగకముందే కోపం తెచ్చుకున్నాను. మాట తప్పించాలంటే నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

"ఏం పలకలో ఏమో, ఎవరు తుడుస్తారు వాటిని? పలక నిండా పచ్చి బురద. గీతలు కనపడక నా కొంగంతా పాడయింది చూడు!"

ముందు గదిలో కుర్చీ మీద కాలు చాపుకుని కూర్చున్న వదిన చేతిలో పెన్ను ఆగిపోయింది.

"పచ్చి బురదా? నీళ్ళకు పైనా?"

"పైనే. మూరెడు ఎత్తు."

"నది పెరుగుతుంటే పైన బురద ఎందుకుంటుందే?"

నీళ్ళు దిగితేనే కదా పైన తడి బురద మిగిలేది! చిన్నపిల్లలకు కూడా తెలిసే ముక్క, నా బుర్రకు తట్టలేదు.

"అమ్మాయ్, నా కళ్ళల్లోకి చూడు. ఇప్పుడు ఎంత?"

"ఆరు డెబ్బై నాలుగు."

"తొమ్మిదింటికి?"

"...ఏడు ఇరవై ఒకటి."

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది. "ఆకాశం చిల్లు పడ్డట్టు కురుస్తుంటే నది దిగిందా! పైన ఇరుకులో చెట్లు అడ్డం పడ్డాయే! నీళ్ళన్నీ అక్కడ ఆగి కూర్చున్నాయి. ఆ అడ్డం తెగితే..." అని ఫోన్ లాక్కుంది. ఆవిడ పుట్టిల్లు పైనే, ఆ కొండల ఇరుకు దగ్గరే. చిన్నప్పుడు ఒకసారి నది ఉన్నట్టుండి సన్నబడితే జనం సంబరంగా చేపలు ఏరుకోవడానికి దిగారట. వాళ్ళలో సగం మంది తిరిగి రాలేదట.

కంట్రోల్ రూమ్ ఆయన ఏమన్నాడో నాక్కూడా వినపడింది. "ఏంటమ్మా ఇది? తొమ్మిదింటికి ఏడు అరవై ఎనిమిది ఇచ్చారు. ఇప్పుడు ఆరు డెబ్బై నాలుగంటారా? రెండిట్లో ఏదో ఒకటి తప్పు."

"తొమ్మిదింటిది తప్పు సార్. నా పొరపాటే." చూశారా, నా పేరు ఎత్తలేదు!

"మరి పదింటిది మాత్రం ఒప్పని ఎలా నమ్మమంటారు? పై ఊరికి చేస్తే లైను కలవట్లేదు. కాసేపు ఆగండి, పెద్ద సారుని అడుగుతాను. ఆర్డరు రాకుండా జనాన్ని మాత్రం కదపకండి."

వదిన ఫోన్ పెట్టేసి లేచి నిలబడబోయి కూలబడింది. "సైకిల్ తియ్" అంది. మూలనున్న అన్నయ్య సైకిల్ తీశాను. ఆవిడను వెనక కూర్చోబెట్టి, రిజిస్టరు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టి, తోసుకుంటూ పరుగెత్తాను. నాకు సైకిల్ తొక్కడం రాదు, తోయడమే వచ్చు. "మెల్లగా, పడేస్తావ్!" అని ఆవిడ. "నోరు మూసుకుని పట్టుకో!" అని నేను. వాన ముఖం మీద ఈడ్చి కొడుతోంది. అరగంటో గంటో, ఎంత టైము ఉందో ఆ దేవుడికే తెలియాలి. అందులో ఒక గంట నేనే మింగేశాను. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా కాళ్ళు ఇంకా జోరందుకున్నాయి.

పల్లపు వీధిలోకి వెళ్ళేసరికి అక్కడ తిరునాళ్ళలా ఉంది. కట్టిన మూటలు విప్పుతున్నారు. టైలరు అరుగు మీద మిషను ముందు కూర్చుని గుండీలు కుడుతున్నాడు.

"ఏంటి పులక్కా, సైకిలెక్కి వచ్చావు? పులి వచ్చిందా?" అన్నాడు. వీధంతా గొల్లుమంది.

"తమ్ముడూ, లేవండి! ఉన్నపళంగా బడికెక్కండి. పైన నీళ్ళు ఆగాయి, అవి ఒక్కసారిగా దిగుతాయి" అంది వదిన.

"నది తగ్గుతోందక్కా! ఇప్పుడే చూసొచ్చాం, రేవు మెట్లు కూడా బయటపడ్డాయి. ఇంకో రెండు గంటలైతే బట్టలు ఉతుక్కోవచ్చు."

"తగ్గింది కాబట్టే లేవమంటున్నాను!"

ఆ మాటకు ఇంకా నవ్వారు. పెరిగితే లేవాలి, తగ్గినా లేవాలి, ఇక ఎప్పుడు కూర్చోవాలమ్మా అని ఎవరో అన్నారు. ఆర్డరు ఉందా అని ఒకరు. లేదంది వదిన. ఆవిడకు అబద్ధం రాదు, అదొక జబ్బు. మా ఇంటి ముందు మంచం మీద అమ్మ కాళ్ళూపుకుంటూ కూర్చుని, "కిందటిసారి నా నడుం విరగ్గొట్టింది చాలదా? నేను లేవను. దాని మాటకు అసలే లేవను" అంది. పంతొమ్మిదేళ్ళు ఒక్క గీత తప్పకుండా చెప్పిన మనిషి, ఆ వాన మధ్యలో సైకిల్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఏడుపు ఆపుకుంటోంది. ఆ పాపం నాది.

టైలరు అరుగెక్కాను. మిషను పక్కన నిలబడి, నా గొంతు సంగతి మీకు తెలీదు గాని, నది అవతలి ఒడ్డుకు వినబడేలా అరిచాను.

"ఒరేయ్, అందరూ వినండి! నది తొమ్మిదింటికే దిగింది. నా కళ్ళతో చూశాను. చూసి కూడా, మా వదిన నవ్వుతుందని భయపడి, అంకె దిద్ది అబద్ధం చెప్పాను. గంట కిందటే లేవాల్సినవాళ్ళు మీరు. తప్పు నాది! వింటున్నారా? తప్పు నాది!"

నవ్వులన్నీ ఆగిపోయాయి. టైలరు చేతిలో సూది అలాగే ఉండిపోయింది. అమ్మ మంచం మీది నుంచి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏమందే ఇది? తప్పు తనదా?"

"అవునే అమ్మా. నాదే."

"ఓరి నాయనో! ఇది తప్పు ఒప్పుకుందంటే ఇక కొంపలు మునిగినట్టే! లేవండ్రోయ్!" అని చెప్పుల కోసం కూడా చూడకుండా గుట్ట వైపు పరుగు తీసింది, నడుం నొప్పి మనిషి!

ఆ తర్వాత చూడాలి వేగం! నేను పుట్టి బుద్ధెరిగాక మా వీధి అంత తొందరగా కదలడం చూడలేదు. మేకల్ని తాళ్ళు కోసి తోలారు. మంచం పట్టిన తాతను తలుపు రెక్క మీద మోశారు. టైలరు బట్టలన్నీ వదిలేసి మిషను తల భుజాన వేసుకున్నాడు. నేను వీధి మొదటి నుంచి చివరికి ప్రతి గడపలోకీ దూరి, ఒక ముసలావిడను ఆవిడ టిఫిన్ డబ్బాతో సహా బయటికి ఈడ్చాను. వదిన గుట్ట మొదట్లో సైకిల్‌కు ఆనుకుని ఇళ్ళు లెక్కపెడుతోంది. "ఇరవై తొమ్మిది... ముప్పై... ఇంకొకటి? ఇంకొకటెక్కడే?"

"ఇంకొకటి మాదే, నేనూ అమ్మా!"

"అయితే ఎక్కవే, గుడ్లప్పగించి చూస్తావేం!"

మేం బడి వరండా ఎక్కి ఊపిరి తీసుకున్నామో లేదో, పైనుంచి చప్పుడు వినబడింది. పది లారీలు ఒకేసారి ఎత్తు ఎక్కుతున్నట్టు. నేల సన్నగా వణికింది. మలుపులోంచి నది వచ్చింది. అది నీళ్ళలా లేదు. ఎర్రటి గోడ. దాని నిండా వేళ్ళతో సహా చెట్లు, దుంగలు, ఎవరిదో పాక పైకప్పు. రేవు మెట్లు పోయాయి. పలకలు ఒకటి తర్వాత ఒకటి మాయమయ్యాయి. కళ్ళు మూసి తెరిచేలోగా మా వీధిలో దూరింది. టైలరు అరుగు, మా మంచం, ముప్పై ఒక్క గడప, అన్నీ నడుం లోతు, ఛాతీ లోతు, ఆ తర్వాత కిటికీలు కూడా కనపడలేదు. వదిన గడియారం చూసి, "పదకొండూ ముప్పై రెండు" అని రాసుకుంటూ, ఇంకో చేత్తో కింది ఊళ్ళకు ఫోన్ కలుపుతోంది. ఈసారి ఎవరూ ఆర్డరు అడగలేదు.

మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టాం. నూట నలభై మూడు. అందరూ ఉన్నారు. అందరూ! నాకు ఎగరాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ చేశాను. టైలరు వచ్చి వదిన ముందు నిలబడి ఏదో అనబోయాడు. "ముందు ఆ మిషను దించవయ్యా, భుజం పోతుంది" అందావిడ. అమ్మ తన తల తుడుచుకుంటున్న తువ్వాలు తీసి, కోడలి నెత్తిన వేసి గట్టిగా రుద్దింది.

మూడింటికి ఇంజనీరు గారు జీపులో వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. కింద మూడు ఊళ్ళు కూడా టైముకు ఖాళీ అయ్యాయట. "అమ్మా, మిమ్మల్ని ఎంత పొగిడినా తక్కువే" అని రిజిస్టరు చేతికి తీసుకుని చూసి, కాస్త గొంతు తగ్గించారు. "ఒక్కటే చిక్కు. ఈ తొమ్మిది గంటల అంకె. ఇది ఇలా పైకి వెళ్తే మీకు మెమో తప్పదు. చెరిపేసి ఏడు ఇరవై ఒకటి వేసేద్దాం. వరస శుభ్రంగా ఉంటుంది, ఎవరూ అడగరు."

వదిన తల మీది తువ్వాలు తీసి పక్కన పెట్టింది.

"వరస శుభ్రంగా ఉండాలనే సార్, పొద్దున ఒకరు దిద్దారు. దాంతో గంట పోయింది. మళ్ళీ దిద్దమంటారా?"

నేను పెన్ను లాక్కున్నాను. ఆ అంకె పక్కన, 'చూసింది ఏడు ఇరవై ఒకటి, దిద్ది చెప్పింది నేను' అని రాసి సంతకం పెట్టాను. రెండోసారి ఒప్పుకోవడం అంత కష్టంగా లేదు. ఇంజనీరు గారు ఆ సంతకం చూసి రిజిస్టరు వదినకు తిరిగిచ్చారు. తర్వాత అడిగారు, "సరే. ఇప్పుడెంతుంది?"

పలకల వరసలో అన్నిటికంటే పైది, గుట్ట వాలులో పాతిన తొమ్మిదో పలక ఒక్కటే నీళ్ళలో నిలబడి ఉంది. టైలరు చూసొస్తానని లేచాడు. వదిన అతన్ని చేత్తో ఆపి నా వైపు తిరిగింది.

"వెళ్ళి చూసి రా."

"నేనా?"

"మరి నా కాలికి రెక్కలొచ్చాయా?"

జారుకుంటూ కిందికి దిగాను. మోకాళ్ళ లోతులో నిలబడి, నీళ్ళు ఎంతసేపు ఊగితే అంతసేపు చూశాను. "తొమ్మిది పదమూడు!" అని కింది నుంచే అరిచాను. వదిన మారు మాట అడగకుండా రాసేసుకుంది.